ఎం.సి. వాడుకోని సెక్షన్

మన చట్టాల్లో 'అంతరాత్మ' అనే మాట తరచుగా తగలదు. రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది, మతస్వేచ్ఛ గురించి చెప్పే చోట. పత్రికల్లో పనిచేసేవాళ్ల కోసం 1955లో వచ్చిన వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలోకి కూడా ఆ మాట వచ్చి చేరింది. ఐదో సెక్షన్‌లో, గ్రాట్యుటీ లెక్కల మధ్య. 2025లో ఆ చట్టం రద్దయ్యేదాకా, పదేళ్లు పనిచేసిన జర్నలిస్టు ఏ కారణంతో రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సి ఉండేది. అంతరాత్మ ఒప్పుకోక రాజీనామా చేస్తే మాత్రం మూడేళ్ల సర్వీసు చాలేది.

నిన్నటిదాకా ఒక మాట రాసినవాణ్ణి ఇవాళ యజమాని పిలిచి దానికి ఎదురుమాట రాయమంటాడు. వాడు కలం కిందపెట్టి లేచిపోతాడు. లేచిపోయిన నెలలో పిల్లల స్కూలు ఫీజుకూ ఇంటి అద్దెకూ వెతుక్కోకూడదని ఆ సెక్షన్ ఉద్దేశం. మొదట 1955లో, ఏ కారణంతో మానేసినా మూడేళ్లకే గ్రాట్యుటీ అన్నారు. యజమానులు కోర్టుకు వెళ్లారు. 1958లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. 1962లో సవరణ తెచ్చినప్పుడు మూడేళ్ల వెసులుబాటు ఒక్క అంతరాత్మకే మిగిలింది. కొట్టేయగా కొట్టేయగా నిలబడ్డ మాట అది.

ఆ చట్టం వెనక ఉన్న మనుషుల్లో మొదట చెప్పుకోవలసిన పేరు మానికొండ చలపతిరావు. ఇంగ్లిష్ పత్రికాలోకానికి ఎం.సి.

నేను డెస్కులో చేరిన కొత్తలో, రాత్రి ఆఖరి పేజీ వదిలాక సీనియర్లు చెప్పుకునే కథల్లో ఎం.సి. కథ ఒకటి. నెహ్రూ పత్రికకు ఎడిటరు, ఢిల్లీలో రోడ్డు పక్క టీకొట్టు దగ్గర దిక్కులేని మనిషిలా పోయాడట, అని మొదలయ్యేది. అక్కడే ముగిసేది. కాసేపు ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు. తర్వాత లేచి సైకిళ్లు తీసుకుని ఇళ్లకు పోయేవాళ్లం. చాలా ఏళ్లు గడిచాక గానీ నాకు తెలిసిరాలేదు, మేం ఆ కథలో కన్నీళ్లు పెట్టవలసిన చోటు దాటిపోయి ఇంకెక్కడో పెడుతున్నామని.

ఉత్తరప్రదేశ్‌లో ఇంగ్లిష్ పత్రికలు నడిపిన తెలుగువాళ్ల చరిత్ర మనకు గర్వకారణం. మనమే దాన్ని సగం మరిచిపోయాం. విజయనగరం నుంచి వెళ్లిన సి.వై.చింతామణి 1909 నుంచి అలహాబాద్‌లో 'లీడర్' పత్రికను తన పేరుకు మారుపేరు చేశారు. 1941లో ఆయన కన్నుమూసేనాటికి ఆ రాష్ట్రంలో ఎడిటర్ అంటే చింతామణే. చీరాల వైపు నుంచి వెళ్లిన కోటంరాజు రామారావు, 1938 సెప్టెంబరు 9న లక్నోలో 'నేషనల్ హెరాల్డ్' మొదలైనప్పుడు దానికి తొలి సంపాదకుడు. ఆయన కింద పనిచేయడానికి వచ్చిన యువకుడు చలపతిరావు. చింతామణిలాగే ఇతనిదీ ఉత్తరాంధ్రే.

గురుశిష్యులు ఇద్దరూ రెండు ధ్రువాలు. రామారావు ఒకచోట నిలిచే మనిషి కాదు. ప్రకాశం పంతులుగారి 'స్వరాజ్య' మొదలు ఆయన చూడని పత్రిక లేదు. యజమానితో మాట పడితే ఆ రాత్రే పెట్టె సర్దుకునే రకం. హెరాల్డ్‌లో రాసిన ఒక సంపాదకీయానికి 1942లో ఆయనకు 6 నెలల జైలు పడింది. ఆ ఆగస్టులో మూతపడిన పత్రిక 1945 నవంబరులో గానీ మళ్లీ తెరుచుకోలేదు. 1946లో రామారావు అక్కణ్ణించి కూడా లేచిపోయారు. ఆ కుర్చీలో చలపతిరావు కూర్చున్నారు. 1978 దాకా లేవలేదు.

32 ఏళ్లు ఒకే పత్రిక, ఒకే కుర్చీ. పెళ్లి చేసుకోలేదు. మాట తక్కువ మనిషి. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఇక సెలవు తీసుకుందామా వద్దా అని తికమకపడేంత మౌనం ఆయనదని చెబుతారు. ఆ మౌనమంతా రాత్రి అక్షరాల్లోకి దిగేది. తన పేరు పెట్టుకునేవాడు కాదు. ఎం.సి. అనో, మాగ్నస్ అనో రాసేవాడు. భారత విదేశాంగ విధానం మీద, ఆసియా దేశాల స్వాతంత్ర్యం మీద, అలీనత మీద ఆయన రాసిన సంపాదకీయాల్ని ఢిల్లీ మనసు ఎటు మళ్లుతోందో తెలుసుకోవాలనుకున్నవాళ్లంతా చదివేవాళ్లు.

హెరాల్డ్ నెహ్రూ పత్రిక. అందులో దాచేదేమీ లేదు, ఆ రోజుల్లో దాచాలని ఎవరూ అనుకోలేదు కూడా. దాని చేతిలో ఎప్పుడూ డబ్బు ఉండేది కాదు. జీతాలు నెల దాటిపోవడం అక్కడివాళ్లకు అలవాటు. ఆనంద్ భవన్ అమ్మయినా సరే దీన్ని మూతపడనివ్వనని నెహ్రూ అన్నట్టు చెప్పుకుంటారు. ప్రధానమంత్రి అయ్యాక ఎడిటర్ పనిలో ఆయన వేలు పెట్టలేదు. అధికారంలో ఉన్నవాడి పత్రికకు ఎడిటర్‌గా ఉంటూ తలవంచకుండా రాయగలగడం ఇద్దరి మీదా ఆధారపడిన విషయం. అటువైపు ఉన్నవాడికి కూడా అంత మనసుండాలి. 1964 మే 27 వరకు అటువైపు ఉన్నది నెహ్రూ. ఎం.సి. అదృష్టమూ అదే, తర్వాత వచ్చిన దుఃఖానికి మూలమూ అదేనని నా నమ్మకం. ఒక మనిషి మంచితనం వల్ల దొరికిన స్వేచ్ఛను ఆయన ఆ ఇంటి స్వభావమనుకున్నారు.

ఆయన చేసిన గొప్ప పని మాత్రం ఆ ఇంటి బయట జరిగింది.

1950 నాటికి పత్రికల్లో పనిచేసేవాడి బతుకు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. పొద్దున ఆఫీసుకు వస్తే కుర్చీలో వేరే మనిషి ఉండేవాడు. నోటీసు లేదు. పని గంటలకు లెక్క లేదు. దేశోద్ధారణ చేస్తున్నాం కదా, జీతం మాట ఎత్తడమేమిటి అనేవాళ్లు. ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్ది కళ్లు పోగొట్టుకున్నవాడికి చందాలు వేసి ఊరికి పంపేవాళ్లు. 1950 అక్టోబరు 28న ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర అన్ని రాష్ట్రాల నుంచి వచ్చిన జర్నలిస్టులు కూడారు. ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్ట్స్ పుట్టింది. తొలి అధ్యక్షుడు చలపతిరావు. ఒక ఎడిటర్, తన స్థాయివాళ్ల సంఘాన్ని వదిలి సబ్‌ ఎడిటర్లు, రిపోర్టర్ల పక్షాన నిలబడ్డాడు. మనం వృత్తిపరులమే కాదు, పనివాళ్లం కూడా అని చెప్పడానికి అప్పట్లో ధైర్యం కావాలి. చాలామంది జర్నలిస్టులకే ఆ మాట నామోషీగా ఉండేది.

1952లో జస్టిస్ రాజాధ్యక్ష నాయకత్వాన తొలి ప్రెస్ కమిషన్ వేశారు. సభ్యుల్లో ఆచార్య నరేంద్రదేవ్, జాకిర్ హుస్సేన్, సి.పి.రామస్వామి అయ్యర్ లాంటి పెద్దలున్నారు. చలపతిరావు ఉన్నారు. 1954లో నివేదిక వచ్చింది. దాని వెంట చట్టం వచ్చింది. నాలుగు వారాలకు 144 గంటలకు మించి పని చేయించకూడదంది. తీసేయాలంటే జర్నలిస్టుకు 3 నెలలు, ఎడిటర్‌కు 6 నెలలు ముందు నోటీసు ఇవ్వాలంది. వేజ్ బోర్డు, ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ. పత్రికల మంచిచెడ్డలు చూడ్డానికి ప్రెస్ కౌన్సిల్ ఉండాలని కూడా ఆ కమిషనే చెప్పింది. అది 1966లో వచ్చింది.

నేను నా మొదటి గ్రాట్యుటీ చెక్కు అందుకున్న రోజున ఎం.సి. పేరు గుర్తుకు రాలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

1968లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన ఉంచుకోలేదు. పత్రికలవాడికి ప్రభుత్వం చేతి మీదుగా బిరుదు ఎందుకన్నది ఆయన లెక్క. కాబట్టి 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఆయన ఎందుకు కుర్చీ వదలకుండా ఉండిపోయారంటే, పదవి కోసమనో భయంతోననో చెప్పి తప్పించుకునే వీలు మనకు లేదు. ఆ మనిషికి పోగొట్టుకోవడానికి ఇల్లాలూ బిడ్డలూ లేరు, ఆస్తి లేదు, బిరుదు ముందే వద్దనుకున్నాడు.

హెరాల్డ్ మొదటి పేజీలో పత్రిక పేరు దగ్గర ఒక వాక్యం ఉండేది. స్వేచ్ఛ ఆపదలో ఉంది, నీ శక్తినంతా ధారపోసి దాన్ని కాపాడుకో, అని. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో బ్రిటన్ గోడలకు అంటించిన పోస్టర్ మీది మాట అది. వాళ్ల స్వేచ్ఛ కోసం వాళ్లు రాసుకున్న మాటను మనవాళ్లు మన స్వేచ్ఛ కోసం తెచ్చి పెట్టుకున్నారు. తెల్లవాడు ఉన్నన్నాళ్లూ ఆ వాక్యానికి అర్థముంది. వాడు వెళ్లాక కూడా తీసేయలేదు. స్వేచ్ఛకు ఆపద బయటివాడి వల్లే రాదని తెలిసినవాళ్లు నడిపిన పత్రిక కాబట్టి.

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌కు కరెంటు పోయింది. చాలా పత్రికల ఆఫీసులు ఆ వీధిలోనే. హెరాల్డ్ హౌస్ కూడా ఆ వీధిలోనే. తెల్లవారి ప్రధాని ఇందిరాగాంధీ రేడియోలో ఎమర్జెన్సీ సంగతి చెప్పారు. అప్పటికే జయప్రకాశ్ నారాయణ్ జైల్లో ఉన్నారు. సెన్సార్ వచ్చింది. 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం ఉండవలసిన చోట తెల్లకాగితం వదిలేసింది. జులైలో కుల్‌దీప్ నయ్యర్‌ను జైల్లో పెట్టారు. హిందుస్థాన్ టైమ్స్ ఎడిటర్ బి.జి.వర్గీస్ ఉద్యోగం పోయింది.

హెరాల్డ్ తన పేరు దగ్గరున్న వాక్యాన్ని తీసేసింది.

ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. జైల్లో పెడతామంటే మూతపడిన పత్రిక అది, 1942లో. మూడేళ్లు మూతపడి ఉంది గానీ లొంగలేదు. అదే పత్రిక 1975లో ఎమర్జెన్సీని మొదటి నుంచి చివరి దాకా సమర్థించింది. బ్రిటిష్ నమూనా పార్లమెంటే ప్రజాస్వామ్యానికి ఏకైక రూపం కానక్కర్లేదని, ఏక పార్టీ పాలన ఉన్న ఆఫ్రికా దేశాల్ని చూపించి చెప్పింది. ఆ వాక్యాన్ని తీసేయమన్నది ఎవరైనా కావచ్చు, ఆ సంపాదకీయాల్ని రాసిన చెయ్యి ఎవరిదైనా కావచ్చు. ఎడిటర్‌గా పేరు ఉన్నది చలపతిరావుది. పేజీ మీద పేరున్నవాడిదే బాధ్యత అన్నది మన వృత్తిలో మొదటి పాఠం. ఆ పాఠం మనకు చెప్పినవాళ్లలో ఆయనా ఒకరు.

ఆ డిసెంబరులో వచ్చిన ఆర్డినెన్సులు చూడండి. ప్రెస్ కౌన్సిల్‌ను రద్దు చేశారు. తాను సభ్యుడిగా ఉన్న కమిషన్ అడిగి తెచ్చిన కౌన్సిల్ అది. అభ్యంతరకరమైన రాతల్ని అచ్చు వేయకూడదని కొత్త నిషేధం పెట్టారు. అలాంటి చట్టమే 1951లో నెహ్రూ ప్రభుత్వం తెస్తే, తాను అధ్యక్షుడిగా ఉన్న ఫెడరేషన్ ఎదిరించింది. పార్లమెంటులో జరిగింది జరిగినట్టు రాస్తే పత్రికపై కేసు పెట్టకుండా రక్షణ ఇచ్చే 1956 నాటి చట్టాన్ని కూడా ఎత్తేశారు. దాన్ని ప్రైవేటు బిల్లుగా తెచ్చి గెలిపించినవాడు ఫిరోజ్ గాంధీ. హెరాల్డ్‌కు మేనేజింగ్ డైరెక్టర్‌గా పనిచేసి ఎం.సి.తో పక్కపక్క గదుల్లో పత్రిక నడిపినవాడు. ఆయన పోయి అప్పటికి 15 ఏళ్లు. ఆ చట్టాన్ని తీసేసింది ఆయన భార్య ఇందిర ప్రభుత్వం.

ఇంటికి ఎత్తిన దూలాల్ని ఒక్కొక్కటే దించుతుంటే, ఆ ఇంటికి మేస్త్రీగా పనిచేసినవాడు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లేవలేదు.

ఎందుకు? మన సీనియర్లలో కొందరు అంటారు, ఆయన వెళ్లిపోయి ఉంటే పత్రిక అప్పుడే మూతపడేది, కంపోజింగ్ నుంచి ప్యాకింగ్ దాకా వందల కుటుంబాలు రోడ్డున పడేవని. కావచ్చు. వాళ్ల కోసమే జీవితం ధారపోసిన మనిషి అలా ఆలోచించడం వింత కాదు. అరవై దాటిన ఒంటరి మనిషి, ముప్పై ఏళ్లుగా ఆ గదే ఇల్లు, ఇంకెక్కడికి వెళ్తాడని కూడా అంటారు. అదీ నిజమే. నాకు మాత్రం వేరే కారణం కనిపిస్తుంది. ఆయన నెహ్రూను ప్రేమించారు. పిచ్చిగా, నిజాయతీగా, ఏమీ ఆశించకుండా. నెహ్రూ మీద పుస్తకాలు రాశారు. నెహ్రూ ఆలోచన చచ్చిపోకుండా కాపాడటం తన పని అనుకున్నారు. ఆ ఆలోచన నెహ్రూ కూతురు ఇందిర చేతిలో ఉందని నమ్మారు. తండ్రి నమ్మినదాన్ని కూతురే కూలుస్తున్నప్పుడు, ఆ మాట పైకి అనడమంటే తన ముప్పై ఏళ్ల నమ్మకాన్ని తానే కొట్టేయడం. విధేయత డబ్బు కోసమైతే తెంచుకోవడం తేలిక. ప్రేమ కోసమైతే మనిషిని అది నిలబడ్డ చోటే కట్టేస్తుంది.

రామారావు అయితే లేచిపోయేవాడని నాకు అనిపిస్తుంది. లేచిపోయేవాడికి ఏ పత్రికా మిగలదు, ఏ చట్టమూ అతని పేరు మీద ఉండదు. నిలబడ్డవాడి వల్లనే ఫెడరేషన్ వచ్చింది, చట్టం వచ్చింది. 1950లో మనకు కావలసింది కదలకుండా నిలబడేవాడు. 1975లో కావలసింది లేచిపోయేవాడు. ఒకే మనిషిలో రెండూ ఉండాలని అడగడం న్యాయమేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. న్యాయమే. ఎందుకంటే ఐదో సెక్షన్‌లో ఆ మాట ఎందుకుందో ఆయన కంటే బాగా తెలిసినవాడు ఈ దేశంలో లేడు. మూడేళ్లు పనిచేసినవాడికి ఆ హక్కు ఉంటే, 29 ఏళ్లు ఎడిటర్‌గా పనిచేసినవాడికి లేకపోతుందా?

ఒక్క రాజీనామా. నాలుగు పంక్తులు. అచ్చు వేయడానికి ఏ పత్రికా ఉండేది కాదు, సెన్సార్ తీసేసేవాడు. అయినా దేశంలో ప్రతి డెస్కుకూ ఆ కబురు చేరేది. చలపతిరావు వెళ్లిపోయాడట, అని గుసగుసగా చెప్పుకునేవాళ్లు. ఆ గుసగుస విన్నవాళ్లలో ఎంతమంది నడుము నిటారుగా అయ్యేదో.

తర్వాతి కథ తొందరగా అయిపోయింది. 1977 మార్చిలో కాంగ్రెస్ ఓడింది. అధికారం పోయిన పార్టీ పత్రికకు ప్రకటనలు రావు, అప్పు పుట్టదు. హెరాల్డ్ తలుపులు కొంతకాలం మూసుకున్నాయి. 1978లో ఎం.సి. హెరాల్డ్ బంధం తెగిపోయింది. ఆ కుర్చీలోకి ఖుష్వంత్ సింగ్ వచ్చారు. ఎమర్జెన్సీని ఎదిరించినవాళ్లు ఎం.సి.ని తమవాడనలేదు. సమర్థించినవాళ్లకు ఆయన అవసరం తీరిపోయింది. మధ్యలో మిగిలాడు. గోవింద్ వల్లభ్ పంత్ జీవిత చరిత్ర రాశాడు. వ్యాసాలు రాశాడు. ఢిల్లీలో ఒంటరిగా ఉన్నాడు.

1983 మార్చి 7న ఢిల్లీలో విజ్ఞాన్ భవన్‌లో అలీన దేశాల ఏడో శిఖరాగ్ర సభ మొదలైంది. ఫిడెల్ కాస్ట్రో అధ్యక్ష పదవిని ఇందిరాగాంధీకి అప్పగించారు. దేశదేశాల నాయకులు వచ్చారు. నగరమంతా జెండాలు కట్టారు. నెహ్రూ, నాజర్, టిటో వేసిన దారికి అది ఎత్తైన మెట్టు అని పత్రికలు రాశాయి. ఆ దారి ఎందుకు సరైనదో 1946 నుంచి రాత్రుళ్లు కూర్చుని ఈ దేశానికి విప్పి చెప్పినవాడు అదే ఊళ్లో ఉన్నాడు. సభ 12న ముగిసింది.

మార్చి 25న ఢిల్లీలో రోడ్డు పక్క ఒక టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఆయనెవరో అక్కడున్నవాళ్లకు తెలియదు.

జర్నలిజం క్లాసుల్లో, ప్రెస్‌క్లబ్ సభల్లో, డెస్కుల దగ్గర ఎం.సి. కథ చెప్పేవాళ్లకు నాదొక విన్నపం. టీకొట్టు దగ్గర మొదలుపెట్టకండి. ఎవరూ గుర్తుపట్టకుండా పోవడం ఆయన తప్పు కాదు, అది మన తప్పు. 1950 అక్టోబరు 28 దగ్గర మొదలుపెట్టండి. మన నోటీసు గడువులూ పని గంటలూ గ్రాట్యుటీ ఎవరి వల్ల వచ్చాయో చెప్పండి. 1975 జూన్ 26 దగ్గరికి వచ్చాక కాసేపు ఆగండి. ఐదో సెక్షన్ తీసి, మెల్లగా, ఒకసారి చదివి వినిపించండి.